పాత పైథాన్ కోడ్ మార్చడం: ఎర్రర్ ఇవ్వని లైన్ల గురించి

పైథాన్ 2లో రాసిన ఒక పాత ప్రోగ్రామ్‌ని పైథాన్ 3కి మార్చే పని పోయిన వారమే ముగిసింది. దాదాపు 11 వేల లైన్లు. రోజూ రాత్రి లాగ్ ఫైళ్లు చదువుతుంది, లెక్కలు కడుతుంది, రిపోర్టులు తయారుచేస్తుంది, చివర్లో ఇంకో ప్రోగ్రామ్ చదువుకోవడానికి ఒక ఫైలు రాసిపెడుతుంది. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఎందుకంటే అది నడుస్తూనే ఉంది. కొత్త సర్వర్‌లో పైథాన్ 2 అసలు లేదు కాబట్టి ఇక తప్పలేదు.

ఇంత ఆలస్యంగానా అని అడగొచ్చు. పైథాన్ 3.0 వచ్చింది 2008 డిసెంబర్‌లో. 2.7కి సపోర్ట్ 2015లో ఆపేస్తామని ముందు అనుకున్నారు, జనం ఇంకా మారలేదని 2014లో ఆ గడువుని 2020కి జరిపారు. 2.7.18 అనే చివరి రిలీజ్ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. అంటే రెండు వెర్షన్లూ పదకొండేళ్లకు పైగా పక్కపక్కనే బతికాయి, ఆ కాలంలో రాసిన కోడ్ ఇంకా ఎక్కడెక్కడో నడుస్తూనే ఉంది. నాలాగా ఇప్పుడు ఈ పని నెత్తిన పడ్డవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదటి రోజు అంతా సింటాక్స్ ఎర్రర్లే, అంటే భాష రాత నియమాలు తప్పిన చోట్లు. ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేవు. ఎక్సెప్ట్ లైన్‌లో ఎర్రర్ పేరు పక్కన కామా పెట్టి వేరియబుల్ రాశారు, అక్కడ ఇప్పుడు 'యాజ్' ఉండాలి. సమానం కాదు అని చెప్పడానికి <> వాడారు, అది పోయింది, != మాత్రమే మిగిలింది. రెయిజ్ లైన్లలో కామాలు. లాంబ్డాలో, అంటే పేరు లేని చిన్న ఫంక్షన్‌లో, రెండు విలువల్ని బ్రాకెట్‌లో పెట్టి తీసుకునే పద్ధతి ఉండేది, అదీ తీసేశారు. ట్యాబ్‌లూ స్పేస్‌లూ కలిసిపోయిన ఫైళ్లు ఏడెనిమిది. పైథాన్ 2 ట్యాబ్‌ని ఎనిమిది స్పేస్‌ల లెక్కన చూసి ఊరుకునేది, పైథాన్ 3 అలాంటి ఫైలుని అసలు ముట్టుకోదు. వినడానికి పెద్ద లిస్టులా ఉంది కానీ ఇవన్నీ కలిపి ఒక రోజు పని కూడా కాదు. ఫైలు పేరు చెబుతుంది, లైన్ నంబర్ చెబుతుంది, చాలాసార్లు ఏం రాయాలో కూడా అదే చెబుతుంది. టూ టు త్రీ అనే టూల్ వీటిలో చాలావాటిని దానంతట అదే మార్చేస్తుంది కూడా, అయితే 3.13 నుంచి దాన్ని పైథాన్‌తో పాటు ఇవ్వడం లేదు, కాబట్టి కాస్త పాత వెర్షన్ ఒకటి దగ్గర పెట్టుకోవాలి.

ఈ గుంపులో ఒక్కదాని దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండమంటాను. ఫైలుని ఎవరు చదవొచ్చో, ఎవరు రాయొచ్చో చెప్పే పర్మిషన్ల కోసం 0644 అని రాసిన లైన్లు. పైథాన్ 2లో అంకె ముందు సున్నా ఉంటే అది ఆక్టల్, అంటే ఎనిమిదేసి లెక్కలో రాసిన అంకె, అని అర్థం. పైథాన్ 3 అలా రాస్తే ఒప్పుకోదు, సున్నా పక్కన 'ఓ' అక్షరం కూడా పెట్టాలంటుంది. తొందరలో ఉన్నవాళ్లు ముందున్న సున్నా తీసేసి 644 అని రాసేస్తారు, ఎర్రర్ పోతుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ మామూలు లెక్కలో 644 అంటే ఆక్టల్‌లో 1204. ఆ పర్మిషన్‌తో ఫైలు ఓనర్ అందులో రాయగలడు కానీ తన ఫైలు తనే చదవలేడు! బయటివాళ్లు మాత్రం చదవగలరు. ఎర్రర్‌ని పోగొట్టడం వేరు, కోడ్‌ని సరిచేయడం వేరు అని నాకు బాగా తలకెక్కింది ఇక్కడే.

మొదటి రోజు సాయంత్రానికి ప్రోగ్రామ్ మొదటి నుంచి చివరి దాకా నడిచింది. ఉన్న నాలుగు టెస్టులూ పాసయ్యాయి. ఆ తర్వాత మూడు వారాలు పట్టింది! ఎందుకంటే సింటాక్స్ ఏమాత్రం మారకుండా అర్థం మాత్రమే మారిన లైన్లు చాప కింద నీరులా కోడ్ నిండా ఉన్నాయి, అవి ఎక్కడున్నాయో ఏ ఎర్రరూ చెప్పదు.

ఒకటి వివరంగా చెబుతాను. రిపోర్టులో ఒక పట్టిక ఉంది, ఒక్కో జాబ్ ఎన్ని నిమిషాలు నడిచిందో చూసి పదేసి నిమిషాల గుంపులుగా లెక్కపెడుతుంది. 0 నుంచి 9 దాకా ఒక గుంపు, 10 నుంచి 19 దాకా ఇంకోటి, అలాగ. కోడ్‌లో దానికి ఒక్కటే లైను: నిమిషాల్ని 10తో భాగించి, వచ్చిన అంకెని డిక్షనరీలో (ఒక్కో కీ కింద ఒక్కో విలువ దాచే పట్టీ) కీగా పెట్టి, దాని కౌంట్ ఒకటి పెంచాలి. పైథాన్ 2లో రెండు పూర్ణాంకాల్ని భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది, కాబట్టి 34 / 10 అన్నా 3, 37 / 10 అన్నా 3, రెండూ ఒకే గుంపులో పడతాయి. పైథాన్ 3లో అవే లెక్కలకి 3.4, 3.7 వస్తాయి, రెండు వేర్వేరు కీలు. ఆ తర్వాత పట్టిక ప్రింట్ చేసే లూప్ వచ్చి 0 ఉందా, 1 ఉందా, 2 ఉందా, 3 ఉందా అని డిక్షనరీని అడుగుతుంది, కీ లేకపోతే సున్నా వేస్తుంది. అన్ని చోట్లా సున్నాలే వచ్చి ఉంటే ఎవరికైనా వెంటనే తెలిసిపోయేది. అలా రాలేదు, ఎందుకంటే సరిగ్గా 30 నిమిషాలు నడిచిన జాబ్‌కి కీ 3.0 అవుతుంది, పైథాన్ డిక్షనరీకి 3 అన్నా 3.0 అన్నా ఒకటే. కాబట్టి 30 నిమిషాలవి లెక్కలోకి వస్తాయి, 31 నుంచి 39 దాకా నడిచినవన్నీ ఎవరూ అడగని కీల కింద అలాగే పడి ఉంటాయి. పట్టికలో ప్రతి వరుసలోనూ ఒక అంకె ఉంది, చూడటానికి అంతా సవ్యంగానే ఉంది, కాకపోతే ప్రతి అంకె ఉండాల్సినదానిలో పదో వంతు చుట్టుపక్కల ఉంది. ఆ రోజు జాబ్‌లు తక్కువ నడిచాయేమో అనుకుని వదిలేసే అవకాశం ఎంత ఉందో ఆలోచించండి. నేను పక్కనే పాత రిపోర్టు తెరిచి పెట్టుకోకపోతే వదిలేసేదాన్నే.

దీనికి మందు చాలా చిన్నది, / బదులు // రాయాలి. కానీ 11 వేల లైన్లలో ఏ భాగాహారం దగ్గర పూర్ణాంకం కావాలో, ఏ దగ్గర దశాంశం కావాలో ఏ టూలూ చెప్పలేదు, ఆ వేరియబుల్‌లో ఏముంటుందో దానికి తెలియదు కాబట్టి. టూ టు త్రీ కూడా భాగాహారాన్ని ముట్టుకోదు. మొత్తం 212 చోట్ల / గుర్తు దొరికింది, ఒక్కోటీ తెరిచి చూశాను. అందులో మార్చాల్సి వచ్చినవి 60 కూడా లేవు.

ఇక అక్షరాల సంగతి. తెలుగులో డేటా ఉన్న ఎవరికైనా ఇది తగిలే తీరుతుంది. "తెలుగు" అనే పదమే తీసుకోండి. మన కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచుకుంటే ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 18. పైథాన్ 2లో మామూలు కోట్స్‌లో ఈ పదం రాసి పొడవు అడిగితే 18 అంటుంది, పైథాన్ 3లో అదే అడిగితే 6 అంటుంది. రెండూ తమ లెక్కలో కరెక్టే. ఒకటి బైట్లు లెక్కపెడుతోంది, ఇంకొకటి యూనికోడ్ గుర్తుల్ని లెక్కపెడుతోంది.

నా ప్రోగ్రామ్ చివర్లో రాసే ఫైలులో ప్రతి కాలమ్‌కీ ఇంత వెడల్పు అని ఉంది. పేరుకి 60. పేరు పొడవైతే మొదటి 60 తీసుకుంటుంది, పొట్టిదైతే మిగతా చోటు స్పేస్‌లతో నింపుతుంది. పైథాన్ 2లో అది 60 బైట్లు. పైథాన్ 3లో అదే కోడ్ 60 గుర్తులకి సరిపడా నింపుతుంది. ఇంగ్లిష్ పేర్లకి తేడా ఏమీ లేదు, ఒక్కో అక్షరానికి ఒక్క బైటే కాబట్టి. తెలుగు పేరు వచ్చిన వరుసలో మాత్రం "తెలుగు" అంత పదం ఉన్నా చాలు, 6 గుర్తులకి 54 స్పేస్‌లు కలిపి మొత్తం 72 బైట్లు అవుతాయి, దాని తర్వాతి కాలమ్‌లన్నీ 12 బైట్లు పక్కకి జరుగుతాయి. అవతలి ప్రోగ్రామ్ ఆ జరిగిన చోట నుంచి మొత్తం చదువుతుంది. టెస్టుల్లో ఉన్న పేర్లన్నీ ఇంగ్లిష్‌వే, అందుకే అన్నీ పాసయ్యాయి.

ఈ కోడ్ రాసిన సీనియర్ ఎప్పుడో వేరే చోటికి వెళ్లిపోయారు. మొహమాటపడుతూనే ఫోన్ చేశాను. "సార్, ఆ 60 బైట్లా, అక్షరాలా?" అని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పారు: "బైట్లేనమ్మా. అవతలి ప్రోగ్రామ్ బైట్లే లెక్కపెట్టుకుంటుంది. అందుకే అప్పట్లో కావాలనే యూనికోడ్‌గా మార్చలేదు." ఆ ఒక్క ముక్క కోడ్‌లో కామెంట్‌గా ఉండి ఉంటే నాకు రెండు రోజులు మిగిలేవి. ఇప్పుడు రాసి పెట్టాను. పేరుని ముందు బైట్లుగా మార్చి, ఆ తర్వాతే కత్తిరించి, స్పేస్‌లు నింపుతున్నాను. 60 బైట్ల దగ్గర కోసినప్పుడు అక్షరం మధ్యలో తెగకుండా చూసే నాలుగు లైన్లు అదనంగా పెట్టాను. పాత కోడ్‌లో ఆ జాగ్రత్త లేదు, పేరులో ఒక స్పేస్ ఉంటే చాలు, అది ఒకే బైటు కాబట్టి మూడేసి లెక్క తప్పి చివరి అక్షరం ముక్కలయ్యేది.

బైట్లకి సంబంధించి ఇంకొకటి. వేరే ప్రోగ్రామ్‌ని నడిపి దాని అవుట్‌పుట్ చదివితే పైథాన్ 3లో చేతికి వచ్చేది బైట్లు. దాన్ని మామూలు స్ట్రింగ్‌తో సమానమా అని పోల్చితే ఎర్రర్ రాదు, ఎప్పుడూ కాదనే జవాబు వస్తుంది, రెండింట్లో ఒకే అక్షరాలు ఉన్నా సరే. అంటే "సరే, అయిపోయింది" అనే జవాబు కోసం చూస్తున్న లూప్ ఆ జవాబు వచ్చినా గుర్తుపట్టదు. పైథాన్‌ని మైనస్ తర్వాత రెండు 'బి' అక్షరాల ఆప్షన్‌తో నడిపితే ఇలాంటి పోలిక ఎదురైన చోట ఆగి ఎర్రర్ ఇస్తుంది. ఈ ఆప్షన్ గురించి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో! మీరు మొదటి రోజు నుంచే వాడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మ్యాప్, ఫిల్టర్, జిప్ ఇప్పుడు లిస్ట్ ఇవ్వవు, ఒక్కసారి మాత్రమే నడిచే ఇటరేటర్ ఇస్తాయి, దాని మీద రెండో లూప్ రాస్తే అది ఒక్కసారి కూడా తిరగకుండా మౌనంగా దాటిపోతుంది. విలువ లేదని చెప్పే నన్‌ని అంకెలతో కలిపి సార్ట్ చేస్తే పైథాన్ 2 దాన్ని అన్నిటికన్నా చిన్నదిగా చూసి ముందు పెట్టేది, పైథాన్ 3 ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ రావడం మంచిదే, కానీ డేటాలో నన్ ఉన్న రోజునే వస్తుంది, అది నెలకోసారి కావచ్చు. ఒకే లైన్లో లూప్ రాసి లిస్ట్ తయారుచేసే లిస్ట్ కాంప్రహెన్షన్ లోపలి వేరియబుల్ పైథాన్ 2లో బయటికి కూడా కనిపించేది, దాని మీద ఆధారపడ్డ ఫంక్షన్ నాకు ఒక్కటే దొరికింది.

వేరే భాషల్లో ఈ సమస్య లేదా అంటే ఉంది. పీహెచ్‌పీలో సున్నా అంకెనీ ఏదైనా మామూలు పదాన్నీ రెండు సమానం గుర్తులతో పోలిస్తే 7 దాకా సమానమే అనేది, 2020 నవంబర్‌లో వచ్చిన 8.0 నుంచి కాదంటుంది. రాసిన లైన్ అదే. జావాస్క్రిప్ట్ వాళ్లు ఉన్నదాన్ని పాడుచేయకూడదని పట్టుబడతారు, 2018లో అర్రేకి ఫ్లాటెన్ అనే ఫంక్షన్ పెడదామనుకుంటే మూటూల్స్ అనే పాత లైబ్రరీలో అదే పేరు ఉండటం వల్ల దాన్ని వాడే సైట్లు పాడవుతాయని చివరికి ఫ్లాట్ అని పేరు పెట్టారు. నాకు బాగా నచ్చింది రస్ట్ పద్ధతి. 2015, 2018, 2021, 2024 అని ఎడిషన్లు ఉంటాయి, ఏ ప్యాకేజీ ఏ ఎడిషన్‌లో ఉందో దాని ఫైలులోనే రాసి ఉంటుంది, పాత ఎడిషన్ ప్యాకేజీ, కొత్త ఎడిషన్ ప్యాకేజీ ఒకే ప్రోగ్రామ్‌లో కలిసి నడుస్తాయి. గో కూడా 1.22లో లూప్ వేరియబుల్ అర్థాన్ని మార్చినప్పుడు ఇదే దారి పట్టింది, మాడ్యూల్ ఫైలులో 1.22 అని గానీ అంతకన్నా కొత్త వెర్షన్ గానీ రాసుకున్నవాళ్లకే కొత్త అర్థం వర్తిస్తుంది. అర్థం మార్చేటప్పుడు ఎవరు ఏ అర్థంతో రాశారో ఆ కోడే చెప్పగలిగేలా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

నిజానికి పైథాన్‌లోనూ దానికి దగ్గరిది ఒకటి ఉంది, చాలామంది వాడరు. ఫైలు మొదట్లో పెట్టే ఫ్యూచర్ ఇంపోర్ట్. భాగాహారం కొత్త పద్ధతిలో జరగాలని చెప్పే లైను 2001లో వచ్చిన 2.2 నుంచే ఉంది! మళ్లీ ఇలాంటి పని వస్తే నేను చేసేది ఇదే: పైథాన్ 3 జోలికి వెళ్లకుండా, ముందు పైథాన్ 2.7లోనే ఒక్కో ఫైలుకీ ఆ ఇంపోర్ట్ పెట్టి, ఆ ఫైలుని సరిచేసి, పాత సర్వర్‌లోనే ఒక వారం నడవనిస్తాను. 2.7ని -3 ఆప్షన్‌తో నడిపితే పాత పద్ధతి భాగాహారం ఎదురైన ప్రతి చోటా వార్నింగ్ కూడా ఇస్తుంది. ఒక సమయంలో ఒక మార్పే ఉంటుంది, ఏదైనా తేడా వస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. నేను అన్నీ ఒకేసారి మార్చాను కాబట్టి తీగ లాగితే డొంకంతా కదిలింది, ఒక తప్పు అంకెకి నాలుగు కారణాలు. ఇంకో మాట, మార్చే పనిలో ఉన్నప్పుడు కోడ్‌ని అందంగా చేయాలని చూడకండి. ఫంక్షన్ పేరు నచ్చకపోయినా అలాగే వదిలేయండి, ఆ పని తర్వాత.

3కి చేరాక కూడా ఇది ఆగదు. 3.7లో అసింక్ కీవర్డ్ అయిపోయింది, ఆ పేరుతో వేరియబుల్స్, పారామీటర్లు ఉన్న కోడ్ ఒక్కసారిగా సింటాక్స్ ఎర్రర్లు ఇచ్చింది. దాని తర్వాత జాగ్రత్త పడ్డారనుకుంటాను, 3.10లో మ్యాచ్ వచ్చినప్పుడు ఆ పదం సందర్భాన్ని బట్టి మాత్రమే కీవర్డ్ అయ్యేలా చేశారు, ఆ పేరుతో ఉన్న పాత వేరియబుల్స్ ఇప్పటికీ నడుస్తాయి.

చివరికి నన్ను ఒడ్డుకి చేర్చింది పోల్చి చూడటమే. పాత సర్వర్‌లో 400 రోజుల ఇన్‌పుట్ ఫైళ్లు, వాటికి వచ్చిన రిపోర్టులు ఉన్నాయి. ఆ ఇన్‌పుట్‌లన్నీ కొత్త వెర్షన్‌తో నడిపి, రెండు రిపోర్టుల్నీ లైన్ లైన్‌గా పోల్చే చిన్న స్క్రిప్ట్ రాశాను. మొదటిసారి వేల తేడాలు వచ్చాయి. అందులో చాలావాటికి కారణం వరుస మారడం, పైథాన్ 2 డిక్షనరీకి వరుస అంటూ ఏదీ లేదు, 3.7 నుంచి వేసిన వరుసలోనే ఉంటాయి. పోల్చే ముందు రెండు వైపులా సార్ట్ చేస్తే అవి పోయాయి. మిగతావి రోజుకి కొన్ని చొప్పున తగ్గుతూ వచ్చి, చివరికి 400 రోజుల్లో మూడే మూడు లైన్లు మిగిలాయి. మూడింట్లోనూ శాతం ఒకటి తేడా. పాతదాంట్లో 13, కొత్తదాంట్లో 12. ఒకటిన్నర రోజు దాని వెనకాలే తిరిగాను, డేటా చూశాను, భాగాహారాలు మళ్లీ చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అసలు విలువ 12.5. రౌండ్ చేస్తే పైథాన్ 2 సగం ఉన్నప్పుడు పైకి వెళ్లేది, 13. పైథాన్ 3 దగ్గర్లో ఉన్న సరి సంఖ్యకి వెళుతుంది, 12. పాత పద్ధతిలోనే రౌండ్ చేసే చిన్న ఫంక్షన్ ఒకటి రాసి, ఎందుకు రాశానో దాని మీద మూడు లైన్ల కామెంట్ పెట్టి, మళ్లీ 400 రోజులూ నడిపాను. తేడాలు సున్నా. ఆ రాత్రే కొత్త సర్వర్‌లో పెట్టాం.